సస్యాధిపతి యెవరు?

ప్రతి సంవత్సరమును చైత్రశుద్ధ పాడ్యమినాడు మన గృహములయందును దేవాలయములయందును పంచాంగశ్రవణము జరుగుచున్నది. ఆ సంవత్సరమునకు రాజెవరో, మంత్రి యెవరో, సేనాధిపతి యెవరో సిద్ధాంతిగారు చదువుదురు. సస్యములకొక యధిపతియు, ధాన్యములకొక యధిపతియు, మేఘములకొక యధిపతియు చెప్పబడుదురు. ఇన్ని యాఢకముల వర్షమనియు, అందు సముద్రమున నిన్ని పాళ్ళు, పర్వతములయం దిన్ని పాళ్ళు, భూమిమీద నిన్ని పాళ్ళు కురియుననియు లెక్క చెప్పబడును. పశువులు సైతము మఱవబడలేదు. పశువులను పాలించువా డెవడో, వానిని కొట్టమునకు చేర్చువా డెవడో, కొట్టమునుండి వెలికి తోలువా డెవడో, గోపాలుడనియో బలరాముడనియో యముడనియో నిర్ణయింపబడును. మనమందఱమును ఉగాదిపచ్చడి నోట వేసికొని, తల లూపుచు విని, లేచి పోవుదుము. ఆ మఱునాటినుండి తొలకరివఱకు మన సీమలయందలి పైరులకును పశువులకును ఎండదెబ్బయు, వడగండ్లును, గాలివానయు, పిడుగును, నీటికఱవును, గ్రాసపుకఱవును ఒకదానివెనుక నొకటి వచ్చుచుండును. వానికి సిద్ధపడవలసిన దినముననే మనము కూర్చుండి వినుచున్నాము. మే మడుగునది యొక్కటియే: విన్న తరువాత నేమి చేయుచున్నాము?

ఈ యధిపతు లెట్లు నియమింపబడుదురో మన చదువరులలో ననేకులు విచారించి యుండరు. అది రహస్యము కాదు. చైత్రశుద్ధ పాడ్యమి యే వారమునాడు వచ్చునో ఆ వారమున కధిపతియైన గ్రహమే సంవత్సరమునకు రాజు. సూర్యుడు మేషమున ప్రవేశించిన వారమునుబట్టి మంత్రియు, ఆర్ద్రానక్షత్రమున ప్రవేశించిన వారమునుబట్టి మేఘాధిపతియు నేర్పడుదురు. తక్కిన పదవులును ఇట్లే సంక్రమణవారములనుబట్టి పంచిపెట్టబడును. 2022వ సంవత్సరమున ఉగాది ఏప్రిల్ 2వ తేదీ శనివారమునాడు వచ్చినది గావున శని రాజయ్యెను. 2023లో మార్చి 22వ తేదీ బుధవారమునాడు వచ్చినది గావున బుధుడు రాజయ్యెను. వారములు దినములను లెక్కించుటకు మనుష్యులు పెట్టుకొనిన పేర్లు. ఒక దినమును శనివారమని పిలిచినందున మేఘమునకు నీరు తగ్గునా? బుధవారమని పిలిచినందున గేదెకు పాలు హెచ్చునా? అదియునుగాక, ఆ శనివారము ఆదిలాబాదునందును అనంతపురమునందును ఒక్కటియే. ఆదిలాబాదు ప్రాంతమున సంవత్సరమునకు సుమారు వేయి మిల్లీమీటర్ల వాన కురియును. అనంతపురమున నందు రమారమి సగము కురియును. ఒక్క మేఘాధిపతి, ఒక్క యాఢకపు లెక్క, ఈ రెండు సీమలకు నెట్లు చాలును? వడగండ్లవాన యొక గ్రామపు పైరును నేలమట్టము చేసి పొలిమేర కావలనున్న గ్రామమును విడిచిపోవుట మన రైతులందఱు నెఱిగినదే. పొలిమేర కీవల నొక సస్యాధిపతియు ఆవల నింకొక సస్యాధిపతియు నుండిరని చెప్పుదుమా?

సంవత్సరముల పేళ్ళనుబట్టి శుభాశుభముల నెంచువారును గలరు. వారు చరిత్రను కొంచెము చూడవలెను. నందన యనగా సంతోషపెట్టునది. ఆ నందన సంవత్సరముననే, 1832-33లో, గుంటూరు సీమయందు డొక్కలకరవు వచ్చి లక్షకు మించిన జనులను మ్రింగినది. ధాత యనగా పోషించువాడు. ఆ ధాత సంవత్సరమున, 1876లో, మొదలైన కఱవు చెన్నపురి రాజధానిలోని రాయలసీమ జిల్లాలను ఎముకల గూడుగా చేసినది. జనులు దానిని ధాతకరవనియే పిలిచిరి. మన కాలమునకు వత్తము. శుభకృత్ సంవత్సరము మంచిని చేయునది గదా! ఆ సంవత్సరపు కడపటి వారముననే, 2023 మార్చి 16వ తేదీ మొదలుకొని, తెలంగాణమున వడగండ్లు కురిసి మొక్కజొన్నను, మామిడిని, మిరపను, కూరగాయలను నేలపాలు చేసెను. ఎకరమునకు పదివేల రూపాయల చొప్పున సహాయమిత్తుమని ప్రభుత్వమువారు ప్రకటింపవలసి వచ్చినది. తరువాతిది శోభకృత్ సంవత్సరము. అది పుట్టి యొక మాసము దాటగానే, ఏప్రిల్ కడపట, మరల వానలును వడగండ్లును వచ్చి కళ్ళములలోని యాసంగి ధాన్యమును తడిపినవి. పేరులో నుండు శుభము కళ్ళములోని ధాన్యమును కాపాడలేదు.

ఇట్లు వ్రాయుటచేత మేము పూర్వులను నిందించుచున్నామని యెవరైన ననుకొందురేమో. అది నిజము కాదు. మన పూర్వుల జ్ఞానమున రెండు భాగము లున్నవి. ఒకటి కన్నులతో చూచి నేర్చుకొనినది. రెండవది వారములను పంచి యల్లుకొనినది. కార్తెల లెక్క మొదటి భాగములోనిది. సూర్యుడు ఒక్కొక్క నక్షత్రమునం దుండు పదుమూడు పదునాలుగు దినముల నొక కార్తెగా నెంచి, ఏ కార్తెలో నేమి విత్తవలెనో, ఎప్పుడు దుక్కి దున్నవలెనో తరతరముల రైతులు పరీక్షించి నిలుపుకొనిరి. రోహిణికార్తెలో రోళ్ళు పగులునని వారు చెప్పినది మే నెల చివరి యెండను ఎఱిగి చెప్పినది. మృగశిర ప్రవేశించునాటికి గాలి మారునని చెప్పినదియు నట్టిదే. ఆ పూర్వులే వేసవికొఱకు చెఱువులు త్రవ్విరి, ఊరి పశువులకు బీళ్ళు విడిచిరి, బాటల ప్రక్క చెట్లు నాటి నీటితొట్లు కట్టించిరి. మనము వారి చెఱువులను పూడ్చి యిండ్లు కట్టుకొంటిమి, బీళ్ళను దున్నుకొంటిమి, తొట్లను పగులనిచ్చితిమి, నవనాయకులను మాత్రము భద్రముగా దాచుకొంటిమి. ఇది పితృభక్తి యగునా? వారి కష్టమును పాఱవేసి వారి కాలక్షేపమును పూజించుట యగునా? చదువరులే చెప్పవలెను.

ఇక తొలివేసవి పైరులకు నిజముగా నేమి చేయునో చూతము. వరి పూత ఉదయము కొన్ని గంటలు మాత్రమే విచ్చుకొనును. ఆ వేళ వేడి సుమారు 35 డిగ్రీలు దాటినచో పుప్పొడి చెడి గింజ కట్టదు. కంకి నిలిచియుండును గాని తాలుపోవును. గోదావరి డెల్టాలో దాళ్వా వరి జనవరి మొదటి పక్షమునకు నాటబడినచో ఎండలు ముదురకమునుపే పూత ముగియును. కాలువ నీరు రాలేదనియో, నారు చాలలేదనియో నాటు ఫిబ్రవరికి జరిగినచో ఏప్రిల్ ఎండలో పూతపట్టును. కావున ఆ చేని సస్యాధిపతి యెవరు? నారు పోసిన దినమును, కాలువ విడిచిన దినమును నిర్ణయించిన మనుష్యులే.

ఉత్తరదేశమున గోధుమల కథయు నిట్టిదే. 1901 మొదలు లెక్కలున్న మార్చి మాసములన్నిటిలో 2022 మార్చియందలి పగటి వేడి దేశముమొత్తముమీద మిక్కిలి హెచ్చు. గింజ పాలుపోసికొని గట్టిపడు సమయమున ఆ వేడి సోకి పంజాబు, హరియాణా చేలలో గోధుమ ముడుచుకొనిపోయినది. మే 13వ తేదీన గోధుమల ఎగుమతి నిషేధింపబడినది. అయినను ఆ సంవత్సరమున సైతము ముందుగా విత్తినవారి చేలు ఆలస్యముగా విత్తినవారి చేలకంటె తక్కువగా దెబ్బతినెను. ఎండను మనము తగ్గింపలేము. ఎండ యెదుటికి పైరును ఏ వయస్సున పంపవలెనో కొంతవఱకు నిర్ణయింపగలము. వ్యవసాయ విజ్ఞానమంతయు నీ కొంతవఱకులోనే యున్నది.

కోసిన పంటకు సైతము వేసవి శత్రువగును. గుంటూరు సీమలో మిరపకాయ లెండుటయు, దుగ్గిరాలలోను నిజామాబాదులోను పసుపుకొమ్ము లెండుటయు ఈ మాసములయందే. ఎండుచున్న కాయమీద ఒక్క వాన పడినచో బూజు పట్టును, రంగు పోవును, బూజులోని విషము తినువారి కాలేయమును చెఱచును. కళ్ళములో కుప్పపడిన వడ్లు తడిసినచో రెండు మూడు దినములలో మొలకలెత్తును. మామిడి సంగతి చెప్పనక్కఱలేదు. పూతను తప్పించుకొని, పురుగును తప్పించుకొని, పిందె కాయయై నిలిచిన తరువాత ఏప్రిల్, మే నెలల గాలివాన యొక్క సాయంకాలమున తోటను రాల్చివేయును. ఈ గాలివానలు పగటియెండచేత నేల మండి, సముద్రమునుండి వచ్చు తేమగాలి పైకెగసి మేఘమగుటచేత పుట్టునవి గావున తఱచుగా మధ్యాహ్నము తరువాతనే వచ్చును. ఉదయమున ఆరబోసి, మధ్యాహ్నము తిరుగగనే కుప్పచేసి పరదా కప్పవలెనను నియమ మొక్కటి పాటించినను ఎన్ని బస్తాలు దక్కును! కాని పరదా కొనుటకు రైతుచేతిలో డబ్బు లేదు. డబ్బుగల వర్తకునకు అక్కఱ లేదు. పంచాంగములో పరదామాట లేదు.

పశువుల స్థితి యింకను దయనీయము, ఏలయన పైరునకు నోరు లేదు, పశువునకు నోరుండియు మాట లేదు. గేదె నల్లని తోలు ఎండను పీల్చుకొనును. దానికి చెమటగ్రంథులు ఆవుకంటె తక్కువ. కావుననే అది చెఱువు నీటిలో పడియుండగోరును. చెఱువు లెండి, బీళ్ళు పోయి, ఱేకుల కొట్టములో మధ్యాహ్నమంతయు కట్టివేయబడిన గేదె నోరు తెఱచి రొప్పుచు, మేత మాని, పాలు తగ్గించును. ఎదకు వచ్చినను ఆ గుర్తులు పైకి కనబడక చూలు నిలుచు సమయము తప్పిపోవును. పాలిచ్చు పశువునకు వేసవిలో దినమునకు సుమారు అరువది లీటర్ల నీరు కావలెను. రెండు కుండల నీరు చూపి యింటి పశువును పోషించుచున్నామనుకొను గృహస్థు లెందఱో! మన ఒంగోలు జాతి యెండను సహించుటలో పేరుగాంచినది. సముద్రములు దాటి బ్రెజిల్ దేశమునకుపోయి, నెల్లూరు పేరుతోనే నెలోర్ జాతియై యచ్చట లక్షోపలక్షలుగా వర్ధిల్లినది. మనము పాలకొఱకు శీతదేశపు హోల్‌స్టీన్, జెర్సీ జాతుల సంకరములను తెచ్చుకొంటిమి. తెచ్చుట తప్పు కాదు. శీతదేశపు రక్తమును తెచ్చి నీడ తేకుండుట తప్పు.

కోళ్ళకు చెమట పట్టనే పట్టదు. అవి నోటితో రొప్పియే వేడి విడువవలెను. గాలిలేని షెడ్డులో వేడి నలువది డిగ్రీలకు చేరినచో ఒక్క మధ్యాహ్నమున వందలకొలది చచ్చును. కప్పుమీద కొబ్బరిమట్టలో గడ్డియో పఱచి తడుపుట, ప్రక్కల తడిగోనెలు వ్రేలాడదీయుట, మేతను తెల్లవారుజామునను చల్లబడిన పిమ్మటను వేయుట, ఇవి పెద్ద యంత్రములు కావు. తెలిసినవారు చేయుచున్నారు, తెలియనివారు మరునాడు గోతులు త్రవ్వుచున్నారు.

ఇంకొక యపాయము కలదు. దానినిగూర్చి మాటాడునపుడు మాకు కోపము నిలువదు. నీరులేక గిడసబారిన లేతజొన్నయందును, కోసిన మోళ్ళనుండి తొలివానకు లేచిన పిలకలయందును నాము అను విషముండును. పశువు కడుపులో నది హైడ్రోసయనిక్ ఆమ్లమై ఊపిరిని అందిన చోటనే నిరుపయోగము చేయును. ఎండకాలమంతయు ఎండుచొప్ప నమలిన పశువు పచ్చని పిలకలను చూచి పరుగెత్తి మేసి, గంట గడవకమునుపే కూలును. పశువైద్యుడు సమయమునకు వచ్చి విరుగుడు మందు సూదివేసినచో బ్రతుకును. మనవారేమి చేయుదురు? దిష్టి తగిలినదందురు, గ్రామదేవత కోపించినదందురు, పొరుగువాడు చేతబడి చేసెనందురు. దిగదుడుచుచుండగా పశువు చచ్చును. చేతబడి చేసెనన్న నింద పొరుగువానిమీద నిలుచును. గొఱ్ఱెలకు తొలకరి పచ్చికతో వచ్చు చిటుకరోగమునకును, పశువులకు వచ్చు గొంతువాపు, జబ్బవాపు రోగములకును టీకాలు గలవు. అవి వాన పడకమునుపే, వేసవిలోనే వేయింపవలెను. టీకా వేయించుటకు తేదీ యడుగక, పోతును బలి యిచ్చుటకు ముహూర్తమడుగు గ్రామము లింకను గలవనిన, ఇంత చదువు మనకెందుకు?

ముందు తెలిసికొనుటవలన లాభమేమని యడుగువారికి మన సముద్రతీరమే సమాధానము చెప్పుచున్నది. 1977 నవంబరులో దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు సుమారు పదివేలమంది చనిపోయిరి. 1990 మే 9వ తేదీన, వేసవి మధ్యముననే, మిక్కిలి ఘోరమైన తుఫాను మరల కృష్ణా ముఖద్వారమున తీరము దాటినది. ఈసారి ముందుగా హెచ్చరిక చేరినది, లక్షలమంది తరలింపబడిరి, మృతులు వేయికి లోబడిరి. అదియును దుఃఖమే, కాని ఆ రెండు సంఖ్యలకు నడుమనున్న వ్యత్యాసమే హెచ్చరిక విలువ. అదే 1990 తుఫానులో లక్షకు పైబడి పశువులు నశించినవి. హెచ్చరిక మనుష్యులకు చేరినది. గుంజకు కట్టబడిన పశువునకు చేరలేదు. పశువును తోలుకొనిపోవుటకు మెరకచోటు లేకున్నను పలుపైన విప్పినచో ఈది బ్రతుకుటకు దానికొక యవకాశ ముండును. గోష్ఠమునుండి వెలికి తోలువాడు గోపాలుడా యముడా యని పంచాంగము నడుగ నక్కఱలేదు. పలుపు విప్పినవాడు గోపాలుడు. విప్పక పోయినవాడు యముడు.

పిడుగుల సంగతియు నిట్టిదే. 2018 ఏప్రిల్ 24వ తేదీన ఆంధ్రప్రదేశమునందు పదుమూడు గంటలలో 36,749 పిడుగులు పడినట్లు రాష్ట్ర విపత్తు నిర్వహణ సంస్థవారు లెక్కించిరి. మేఘము గర్జించినప్పుడు కాపరి మందను చెట్టుక్రిందికి చేర్చును. అదియే మందకంతకును చావుచోటగును. నేడు పిడుగుపాటు హెచ్చరిక చేతిలోని ఫోనుకు ముందుగా చేరుచున్నది. మన పిల్లలు రాత్రింబవళ్ళు ఆ ఫోనును చూచుచున్నారు. ఊరి వెలుపల మంద మేపుచున్న కాపరికి ఒక్క మాట చెప్పుమని వారికి నేర్పినవా రెవరు?

ఇచ్చట కొందఱు మాకెదురు చెప్పుదురు: "మీ వాతావరణశాఖవారి మాటలు మాత్రము నిజమగుచున్నవా? వానయన్ననాడు ఎండ కాయుట మేము చూడలేదా?" చూచితిరి, మేమును చూచితిమి. కాని భేద మొకటి కలదు. 1875లో నెలకొల్పబడినది మొదలు ఆ శాఖవారు తాము చెప్పినదానిని జరిగినదానితో సరిచూచి, తప్పిన చోటుల లెక్కించి, దిద్దుకొనుచున్నారు. వారికి తప్పు ఒక పాఠము. పంచాంగములోని సస్యాధిపతిఫలమును సంవత్సరాంతమున సరిచూచిన సిద్ధాంతి యెవడు? గత సంవత్సరము చెప్పిన యాఢకములను ఊరిలో కురిసిన వానతో పోల్చి, ఇది తప్పినదని ఉగాదినాడు చెప్పినవా డెవడు? పరీక్షకు నిలువని మాట యెన్నడును తప్పదు, ఎన్నడును ఉపకరింపదు. వాతావరణశాఖవారు వేడి యెప్పుడు వడగాలి యగునో సైతము సంఖ్యలతో నిర్వచించిరి: మైదానములయందు వేడి నలువది డిగ్రీలు చేరి, మామూలుకంటె నాలుగున్నర డిగ్రీలు హెచ్చినచో వడగాలి, వేడి నలువదియైదు చేరినచో మామూలుతో పనిలేకయే వడగాలి. వారానికి రెండుసారులు, మంగళ శుక్రవారములయందు, రైతుల కుపయోగపడు సూచనలు వెలువడుచున్నవి. వారములను నమ్ముటయే యవసరమైనచో ఆ రెండు వారములను నమ్ముడని మా మనవి.

"ఇది యొక ముచ్చట, దీనివలన హాని యేమి?" యని మఱికొందఱందురు. ముచ్చటగా నున్నంతవఱకు మాకును ద్వేషము లేదు. వేపపూత పచ్చడిని మేమును తినుచున్నాము. కాని సంవత్సరఫలము ముందే వ్రాయబడియున్నదను భావము ఇంటింట ఏటేట పిల్లల చెవులలో పడుచున్నది. ఆ భావముతో పెరిగినవాడు చేను ఎండినప్పుడు కాలువ నేల పూడినదని యడుగడు. పశువు చచ్చినప్పుడు వైద్యశాల యేల మూయబడియున్నదని యడుగడు. శని రాజైనప్పుడు కాలువల యధికారిని ప్రశ్నింప నేల? విధిమీద వేసిన తప్పు మనుష్యుల మెడలోనుండి జాఱిపోవును. ఇదియే హాని. బాధ్యతగల ప్రతివానికిని ఈ నవనాయకులు ఉచితముగా దొరకిన వకీళ్ళు.

ఇప్పుడు మన చదువరులతో నేరుగా మాటాడవలసియున్నది. మనలో పెక్కుమంది పట్టణములందుండి గ్రామమునం దైదెకరములో పదెకరములో కౌలుకిచ్చినవారము. పట్టాలో పేరు మనది. చేనిలో చెమట కౌలుదారునిది. వడగండ్లు పడినప్పుడు నష్టము వానిది. నష్టపరిహారము వ్రాయుటకు వచ్చువారు మాత్రము పట్టాలో పేరును చూతురు. 2019లో ఆంధ్రప్రదేశమునందు పంట సాగుదారుల హక్కుల శాసనము చేయబడినప్పుడు, పదునొకండు మాసముల హక్కు పత్రమును కౌలుదారున కిచ్చుటకు ఏర్పాటు జరిగినది. దానికి భూమి సొంతదారు అంగీకారము కావలెనని విధింపబడినది. ఎందఱు చదువుకొన్న సొంతదారులు, భూమిమీద హక్కు పోవునేమోయను నిరాధారమైన భయముచేత, ఆ కాగితముమీద చేవ్రాలు చేయక పోయిరి! ఆ పత్రము పంటమీది హక్కునకే గాని భూమిమీది హక్కునకు కాదని శాసనమే చెప్పుచుండగా వారు చదువ నొల్లరైరి. వంద పుస్తకములు చదివినవారికి ఒక్క కాగితము చదువుటకు తీఱిక లేకపోయినది. వడగండ్లు దైవముచేత పడినవని యొప్పుకొందము. ఆ పరిహారము కౌలుదారునకు చేరకపోవుటయు దైవకృతమేనా? చదువరులారా, శనియు బుధుడును ఎఱుగని సస్యాధిపతి యొకడు గలడు. వాడు మన యింటనే యున్నాడు. పట్టాదారు పుస్తకములో వాని పేరు స్పష్టముగా వ్రాయబడియున్నది.

గృహిణులకును ఒక మాట. పశువుల పోషణమునందు పురుషులకంటె మీకే యెక్కువ తెలియును. కుడితితొట్టి మీ చేతిలోనిది. ఎండకాలమున దానిని రెండుమాఱులు గాక నాలుగుమాఱులు నింపుట, గంజిలో నింత ఉప్పు కలుపుట, మధ్యాహ్నపు మేతను రాత్రికి మార్చుట, గేదెమీద దినమునకు రెండుసారులు నీరు చల్లించుట, వాకిటనున్న వేపచెట్టును కొట్టనీయకుండుట, వీనికి సిద్ధాంతి యక్కఱలేదు. వరిగడ్డి మిగిలినవారు దానిని తగులబెట్టనీయకుడు. యంత్రముతో కోసిన చేలలో గడ్డిని కాల్చివేయుట డెల్టాలో పెరుగుచున్నది. అదే కాలమున మెట్టసీమలలో గడ్డిలేక పశువులను సంతకు తోలుచున్నారు. వంద కిలోల గడ్డికి నాలుగు కిలోల యూరియాను నీటిలో కరగించి చల్లి, గాలి చొరకుండ కప్పి మూడువారము లుంచినచో ఆ గడ్డియే మంచి మేత యగును. గోపూజనాడు ఆవు నుదుట బొట్టుపెట్టి, మఱునాడు దాని గ్రాసమును తగులబెట్టుట యే ధర్మమో మాకు బోధపడలేదు.

పంచాంగశ్రవణమును మానుడని మేము చెప్పము. దానిచెంతనే వేఱొక శ్రవణమును జరుపుడని చెప్పుచున్నాము. ఉగాదినాడు ఊరివారు కూడినప్పుడు ఈ ప్రశ్నలు చదువబడవలెను. చెఱువులో నెన్ని యడుగుల నీరున్నది? పశువుల తొట్లలో నెన్ని పగిలినవి, వానిని బాగుచేయు భార మెవరిది? టీకాలు వేయు తేదీ యేది? కళ్ళమునకు పరదాలు ఎన్ని యున్నవి? పిడుగు హెచ్చరిక వచ్చినచో కాపరులకు చెప్పువా డెవడు? తుఫాను వచ్చినచో పశువులను చేర్చు మెరకచోటు ఏది? కౌలుపత్రములమీద చేవ్రాలు చేయని సొంతదారు లెవరు? ప్రతి ప్రశ్నకు నెదుట నొక మనుష్యుని పేరు వ్రాయబడవలెను. మఱుసటి ఉగాదినాడు ఆ పట్టికను మరల చదివి, ఎవరు చేసిరో ఎవరు చేయలేదో పదిమందిలో చెప్పవలెను. గ్రహముల పేళ్ళున్నచోట మనుష్యుల పేళ్ళు చేరిననాడు మన గ్రామములు బాగుపడుటకు మొదలిడును.

ఎండ కాయక మానదు. వడగండ్లు పడక మానవు. భూమి వేడెక్కుచున్న ఈ దినములలో అవి ముందటికంటె ఘోరముగా వచ్చుననియే పండితులు చెప్పుచున్నారు. కావుననే, మనచేత నగునదియు కానిదియు వేఱుపఱచుకొని, అగునదానికి పూనుకొనుట యిప్పుడు మునుపటికంటె అవసరము. కానిదానికి దైవమని పేరుపెట్టిన మేము కాదనము. అగునదానికి సైతము దైవమని పేరుపెట్టి చేతులు ముడుచుకొన్నచో, ఎండినచేను, కూలిన పశువు, అప్పులపాలైన కౌలుదారు, వీరి యెదుట మనము చెప్పుకొనుటకు ఏ రాజు పేరును, ఏ మంత్రి పేరును మిగులదు.